మందు విమానం

గుడివాడ చుట్టుపక్కల ఊళ్లలో దాన్ని అందరూ మందు విమానం అనేవారు. వరికి దోమ తగిలిన ఏడు పెదపారుపూడి వైపు నుంచి మొదలుపెట్టి, తాటిచెట్ల ఎత్తులో ఎగురుతూ, చేలన్నిటి మీదా ఎండ్రిన్ పురుగుమందు జల్లుకుంటూ పోయేది. చప్పుడు వినపడితే చాలు, ఆడవాళ్లు ఆరేసిన బట్టలు లాగేసుకుని, నీళ్లకుండల మీద మూతలు పెట్టి, పిల్లల్ని లోపలికి ఈడ్చుకుపోయి తలుపులు వేసుకునేవారు.

ఆ విమానాన్ని కనిపెట్టుకుని ఉండే మెకానిక్కు మహబూబ్. బందరు మనిషి, వయసు యాభై దాటింది. మందు విమానం అన్న పేరు వింటే అతనికి ఒళ్లు మండేది. "మందు విమానమేంటయ్యా! యుద్ధంలో పనిచేసిన విమానం అది" అని టీకొట్టు దగ్గర ఎవరితోనైనా గొడవ పెట్టుకునేవాడు.

అతను చెప్పేది అబద్ధమేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఆ టైగర్ మాత్ రకం విమానం పెద్ద పెద్ద చెక్కపెట్టెల్లో ముక్కలుగా ఓడ దిగింది. కుర్రాళ్లకు విమానం నడపడం నేర్పే బేగంపేట శిక్షణ కేంద్రంలో దాన్ని బిగించారు. మీసాలు సరిగా రాని మహబూబ్ అప్పుడే అక్కడ పనిలో చేరాడు. దాని రెక్కలు రేకువి కావు. కర్ర చట్రం మీద గుడ్డ కప్పి, కుట్టి, జిగురు లాంటి రంగు పూసి బిగదీసినవి. ఆ గుడ్డ కుట్టే పని మహబూబ్‌ది. నేర్చుకునేవాళ్లు వస్తున్నారు, తప్పుకోండి అని తక్కిన విమానాలకు దూరం నుంచే తెలియడానికి దానికి పసుపు రంగు వేశారు. ముందు సీట్లో గురువు, వెనక సీట్లో శిష్యుడు, ఇద్దరూ మాట్లాడుకోవడానికి మధ్యలో ఒక రబ్బరు గొట్టం. ఎక్కడెక్కడి కుర్రాళ్లో వచ్చి, దాన్ని నేలకేసి కొట్టి, చక్రాలు విరిచి, ఆ గొట్టంలోంచి గురువుల చేత తిట్లు తిని, చివరికి ఒంటరిగా ఎగరడం నేర్చుకుని బర్మా వైపు వెళ్లిపోయారు. వాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. విమానం మాత్రం ప్రతి సాయంత్రం షెడ్డుకు తిరిగొచ్చేది. మర్నాడు ఇంకో కుర్రాడు ఎక్కేవాడు.

యుద్ధం అయ్యాక ఒక ఫ్లయింగ్ క్లబ్బు దాన్ని వేలంలో పాడుకుంది. దానితోపాటే మహబూబూ వెళ్లాడు. చల్లపల్లి కుర్రాడు కాంతారావు విమానం నడపడం నేర్చుకున్నది ఆ క్లబ్బులోనే, దాని మీదే. క్లబ్బుకు కొత్తవి వచ్చాక, చేలకు మందు కొట్టే చిన్న కంపెనీ ఒకటి ఈ పాతదాన్ని తీసుకుంది. ముందు సీటు పీకేసి అక్కడ మందు ట్యాంకు పెట్టారు. పైలట్టు కాంతారావు, మెకానిక్కు మహబూబ్. గుడివాడలో ఒక రైసుమిల్లు గోడౌను దానికి ఇల్లయింది. మిల్లు వెనక మెరకే రన్‌వే.

డెబ్భై ఏడు నవంబరులో తుపాను వచ్చిన రోజున మహబూబ్ ఆ గోడౌనులోనే ఉన్నాడు. సాయంత్రానికి గాలి మిల్లు రేకులు లేపుకుపోయింది. మోకులతో విమానాన్ని ధాన్యం బస్తాలకు కట్టేసి, అది లేచిపోకుండా తోక మీద తనే ఎక్కి కూర్చున్నాడు. తెల్లారి బయటికి వచ్చి చూస్తే గుడివాడలో నిలబడ్డ చెట్టు అరుదు. అయినా జనం ఒకరినొకరు చూసుకుని, బతికి బయటపడ్డామనుకున్నారు. మధ్యాహ్నానికి చల్లపల్లి వైపు నుంచి ఒకతను సైకిలు భుజాన వేసుకుని నడుచుకుంటూ వచ్చాడు.

"దివిసీమ మీదికి సముద్రం వచ్చేసిందంటండీ" అన్నాడు.

"సముద్రం రావడమేంటి?" అన్నాడు మహబూబ్.

అతని కూతురు జహీదా ఉండేది నాగాయలంక అవతల, ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఉప్పుకాలవపాలెంలో. అల్లుడు బాజి అక్కడ బట్టలు కుట్టేవాడు. వాళ్ల పిల్లాడు ఇమామ్‌కు ఇంకా నడక రాలేదు.

"తాటిచెట్టంత ఎత్తున లేచిందంట. అంతకుమించి నాకూ తెలీదండీ. మోపిదేవి అవతలికి ఎవరూ పోలేకపోతున్నారు."

మహబూబ్ అప్పుడే బయల్దేరాడు. నడిచి వెళ్తానన్నాడు. ఊరి చివర కాలవ వంతెన కొట్టుకుపోయి ఉంటే ఆ గట్టునే చాలాసేపు నిలబడి వెనక్కి వచ్చాడు.

మర్నాడు రెవెన్యూ అధికారి ఒకాయన జీపును బురదలో వదిలేసి, ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని మిల్లుకు వచ్చాడు. ఫోన్లు లేవు. రోడ్లు లేవు. హెలికాప్టర్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు.

"మీ విమానం ఎగురుతుందా?" అని అడిగాడు.

కాంతారావు మహబూబ్ వైపు చూశాడు.

"ఎగురుద్దండి. ట్యాంకు దించి ముందు సీటు పెడతాను. నేనూ వెళ్తాను" అన్నాడు మహబూబ్.

విమానం లేచాక, చల్లపల్లి దాటేదాకా చాపలా పరుచుకుపోయిన వరి, విరిగిన అరటితోటలు. మోపిదేవి గుడి గోపురం కనిపించింది. ఇంకాస్త ముందుకు పోయాక నేల రంగు మారింది. ఎక్కడ చూసినా నల్లటి నీళ్లు, బురద. కాలవగట్ల వెంట, తుమ్మచెట్ల మొదళ్లలో బస్తాలు పడి ఉన్నాయి. ఇన్ని బస్తాలు ఎక్కడివి, ఏ గోడౌను కొట్టుకొచ్చిందో అనుకున్నాడు మహబూబ్. కాంతారావు విమానాన్ని కిందికి దించాడు.

బస్తాలకు కాళ్లున్నాయి.

బర్రెలు, ఎద్దులు, మేకలు. వాటి మధ్య మనుషులు. ఒకచోట చీరలన్నీ కంచెకు చుట్టుకుని ఉన్నాయి. ఉతికి ఆరేసినట్టున్నాయి. చీరల కింద చేతులు కనిపించాక గానీ అవి ఒంటి మీది చీరలని అతనికి అర్థం కాలేదు.

గొట్టంలోంచి కాంతారావు గొంతు వచ్చింది. "మహబూబూ... చూస్తున్నావా?"

మహబూబ్ సీటు అంచు పట్టుకుని ఇంకా కిందికి వంగాడు.

"మీ అమ్మాయి వాళ్ల ఊరేది? గుర్తు చెప్పు."

"తెల్లటి చిన్న మసీదు ఉంటదండి. పక్కన సరుగుడు తోపు."

తోపు లేదు. మసీదు లేదు. కాంతారావు ఒడ్డు వెంబడి అటూ ఇటూ తిప్పాడు. కింద నున్నటి ఇసక, ఇసక మీద నీటి మడుగులు. ఇక్కడొక ఊరు ఉండేదని చెప్పడానికి ఒక్క గోడైనా మిగల్లేదు.

"ఇదే అయ్యుంటది" అన్నాడు కాంతారావు మెల్లగా.

"ఇది కాదండి. ఇంకొంచెం ముందుకు పోనివ్వండి."

పోనిచ్చాడు. ముందంతా సముద్రమే.

మిల్లు దగ్గర దిగాక కాంతారావు టీ తాగకుండానే అధికారి దగ్గరికి నడిచాడు. ఎంతమంది పోయి ఉంటారని అధికారి అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"బతికున్నవాళ్లు?"

"నాగాయలంక దాకా డాబాల మీద ఉన్నారండీ. అవతల ఒడ్డు పొడుగునా ఎవరూ కదల్లేదు."

అధికారి మహబూబ్ వైపు తిరిగాడు. "నువ్వూ చూశావా?"

"చూశానండి. ఎవరూ లేరండి" అన్నాడు మహబూబ్. ఆ మాట అన్నది తనేనా అన్నట్టు చుట్టూ చూశాడు.

మర్నాడు బందరు రోడ్డు మీద పడ్డ చెట్లు తీసేశాక, అక్కడి నుంచి అతని భార్య రోషన్ బీ లారీ ఎక్కి వచ్చింది. ఇంటి పైకప్పు పోయిందని, తను బాగానే ఉన్నానని చెప్పింది. ముంతలో తెచ్చిన మంచినీళ్లు అతనికి ఇచ్చి, తాగిందాకా ఆగింది.

"పైనుంచి చూసొచ్చావంటగా. పిల్ల కనపడిందా?"

"మబ్బుగా ఉంది. కనపళ్లా."

"ఊరు?"

"ఊరూ కనపళ్లా."

రోషన్ బీ అతని మొహం వైపు చూసింది. మిల్లు అరుగు మీద ఎవరివో బియ్యం చేటలో ఉంటే, అక్కడ కూర్చుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరింది. చీకటి పడేదాకా ఏరుతూనే ఉంది.

ఆ తర్వాత గాలి దక్షిణం నుంచి తిరిగింది. గాలితోపాటు వాసన వచ్చింది. అవనిగడ్డలో జనం ముక్కులకు గుడ్డలు కట్టుకుని తిరుగుతున్నారన్నారు. కలరా వస్తే మిగిలినవాళ్లూ మిగలరన్నారు. అధికారి మళ్లీ వచ్చాడు. ఈసారి ఆయన వెనక మనుషులు డ్రమ్ములు మోసుకొచ్చారు. డ్రమ్ముల నిండా ఈగల్ని చంపే డీడీటీ మందు.

"ఒడ్డు పొడుగునా కొట్టేయండి. శవాల దగ్గరికి వెళ్లడానికి దారి లేదు. ప్రాణంతో ఎవరూ లేరని మీరే చెప్పారుగా" అన్నాడు. నిద్ర లేక ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ మనిషి మీద మహబూబ్‌కు కోపం రాలేదు. అసలేమీ రాలేదు. లేచి వెళ్లి, గోడకు ఆనించిన ట్యాంకు మీద చెయ్యి వేశాడు. చెయ్యి తీయలేదు, ట్యాంకు ఎత్తనూ లేదు.

"కాంతారావు గారూ, ఇది బిగిస్తే ఇంక నేను కూర్చోడానికి చోటుండదు. బిగించే ముందు ఒక్కసారి తీసుకెళ్లండి."

"చూడ్డానికేముంది మహబూబూ?"

"ఏమీ లేదండి. దాని మీద మందు కొట్టే ముందు, నా కూతురు పడుకున్న చోటు నేను చూడాలి."

కాంతారావు హెల్మెట్టు తీసుకుని నడిచాడు.

ఈసారి దారి వెతుక్కోనక్కర్లేదు. ఒడ్డు మీదికి రాగానే ఇంజను దగ్గింది. రెండోసారి దగ్గింది. తుపాను వాన పెట్రోలు డ్రమ్ముల్లోకి దిగింది. వడకట్టినా ఎక్కడో నీరు మిగిలిపోయింది. కాంతారావు ఏం చేసినా పుంజుకోలేదు. చివరికి ప్రొపెల్లరు బిగుసుకుపోయినట్టు నిలబడిపోయింది.

ఒక్కసారిగా నిశ్శబ్దం. రెక్కల మధ్య తీగల్లోంచి గాలి ఈల వేస్తోంది, అంతే. బేగంపేటలో గురువులు కావాలనే ఇంజను ఆపేసి, "ఇప్పుడు దింపు చూద్దాం" అని కుర్రాళ్లకు ముచ్చెమటలు పోయించేవారు. కాంతారావుకు ఆ విద్య ఇదే విమానం మీద వంటబట్టింది. కంగారు పడకుండా ముక్కు కిందికి వంచి, గాలిలో జారుస్తూ ఇసకమేట వైపు తిప్పాడు.

అప్పుడు మహబూబ్ చూశాడు. మేట మీద తాటాకులు కుప్పగా పడి ఉన్నాయి. మొన్న కూడా వాటి మీదుగానే వెళ్లారు. ఆ తాటాకులు కదిలాయి. కింది నుంచి ఒక తల లేచింది. పక్కన ఇంకో తల. ఒక ముసలామె మోకాళ్ల మీద పాకుతూ బయటికొచ్చి, చప్పుడు ఎటు పోయిందా అని ఆకాశం వెతికింది.

"మనుషులండీ!" అని గొట్టంలో అరిచాడు మహబూబ్. "కాంతారావు గారూ, మనుషులు! బతికున్నారు!"

చక్రాలు తడి ఇసకను తాకాయి. కొంతదూరం పరిగెత్తి, ఒక్కసారిగా కూరుకుపోయాయి. విమానం ముక్కు మీదికి ఒరిగింది. ప్రొపెల్లరు పటపటా విరిగిపోయింది, తోక పైకి లేచింది. సీటు బెల్టుకు వేలాడుతూ ఉండిపోయిన మహబూబ్‌ను కాంతారావే విప్పి కిందికి లాగాడు. మహబూబ్ నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారుతోంది.

పాతికమంది దాకా ఉన్నారు. కానీ ఒక్కరూ దగ్గరికి రాలేదు. దూరంగా గుంపుగా నిలబడి విమానం వైపు చూస్తున్నారు. ఒంటి మీద గోనెపట్టాలు, చాపముక్కలు. చేతుల నిండా, మొహాల నిండా తుమ్మముళ్లు గీరిన గాట్లు. ముసలామె చేతిలో కర్ర ఉంది. ఆమె పేరు రాజమ్మ అని తర్వాత తెలిసింది.

"మందు కొట్టడానికొచ్చారా?" అని అరిచింది. గొంతు పూడిపోయి ఉంది. "మేం ఇంకా బతికే ఉన్నాం! చచ్చాక కొట్టుకోండి!"

మహబూబ్ రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

గుంపు వెనక ఒక ఆడమనిషి ఇసకలో బోర్లా పడుకుని ఉంది. ఏదో దాచుకున్నట్టు దాన్ని ఒంటితో కప్పేసింది. తల ఎత్తి చూసింది. బురద ఎండి మొహం పగుళ్లు తేలి ఉంది. జుట్టు సగం తెగిపోయి ఉంది. ఎవరో అనుకున్నాడు మహబూబ్. ఆమె లేచింది. ఆమె కింద మూతికి తాటాకు కట్టిన కుండ కనపడింది.

"నాన్నా" అంది.

అతను దగ్గరికి వెళ్లాడు. చొక్కా విప్పి ఆమెకు కప్పాడు. ఆమె చేతిలో దిగిన ముల్లును పట్టుకుని లాగబోయాడు. జహీదా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మొన్న వచ్చాం తల్లీ. ఇక్కడే తిరిగాం. ఎందుకు చెయ్యి ఊపలేదమ్మా?"

"దాక్కున్నాం."

"నా విమానమని తెలీలేదా?"

"తెలుసు. నువ్వేగా చెప్పేవాడివి, ఆ చప్పుడు వినపడితే నీళ్లకుండ మూసేసి దాక్కోమని. వానలో పట్టిన నీళ్లు ఈ ఒక్క కుండే. చుట్టూ ఉప్పునీళ్లు, శవాల నీళ్లు. ఇందులో మందు పడితే అందరం పోతాం కదా." కుండను దగ్గరికి లాక్కుంది. "వీళ్లందరినీ నేనే దాక్కోమన్నాను."

మహబూబ్ ఇసకలో కూలబడ్డాడు. ఇవాళ ఇంజను ఆగిపోకుండా ఉంటే, రేపు తను బిగించిన ట్యాంకులోంచి, తను నింపిన మందు, ఈ తాటాకుల మీద పడేది. రాజమ్మే కర్ర పక్కన పడేసి వచ్చి, అదే కుండలోంచి గుక్కెడు నీళ్లు అతని నోట్లో పోసింది.

బాజి గురించీ పిల్లాడి గురించీ రాజమ్మే చెప్పింది. నీళ్లు ఇంట్లోకి రాగానే బాజి పిల్లాణ్ణి ఎత్తుకుని తాటిచెట్టు ఎక్కాడు. చీరతో ఇద్దరినీ చెట్టుకు కట్టేసుకున్నాడు. జహీదా కొట్టుకుపోయి తుమ్మ కంపలో చిక్కుకుంది. ముళ్లు ఆమెను వదల్లేదు. తాటిచెట్టు మాత్రం వేళ్లతో సహా లేచిపోయింది. చెబుతున్నంతసేపూ జహీదా కుండ మీద తాటాకు సరిచేస్తూ కూర్చుంది.

దెబ్బలు తగిలినవాళ్లు ఎండకు మాడిపోతున్నారు. మహబూబ్ లేచి, జేబులోంచి చాకు తీసి, విమానం రెక్క మీద గుడ్డను అంచు వెంట కోశాడు. కాంతారావు ఒక్క మాట అడ్డు చెప్పలేదు, రెండో కొస పట్టుకున్నాడు. చట్రం మీంచి ఒలిచిన గుడ్డ కాగితంలా చప్పుడు చేసింది. దాన్ని విరిగిన కర్రల మీద కప్పి నీడ చేశారు. మిగిలిన ముక్కలు ఆడవాళ్లు చుట్టుకున్నారు. సాయంత్రానికి కర్ర ఎముకలు తప్ప రెక్కల్లో ఏమీ మిగల్లేదు.

విమానం తిరిగి రాలేదని గుడివాడలో కంగారు పుట్టింది. మర్నాడు దాన్ని వెతుక్కుంటూ రెండు పడవలు వచ్చాయి. ముందు పడవలో అధికారి ఉన్నాడు. ఒడ్డున నిలబడ్డ జనాన్ని చూసి ఆయన పడవ దిగడం మర్చిపోయాడు. "ఎవరూ లేరన్నారు కదా" అని ఒకసారి అన్నాడు. ఆ తర్వాత నీళ్లలోకి దూకి, ఒక ముసలాణ్ణి తనే భుజాన వేసుకుని పడవలోకి చేర్చాడు. డ్రమ్ములు మిల్లులోనే ఉండిపోయాయి. ఒడ్డు మేటలన్నీ పడవల మీద వెతికించారు. మరో రెండుచోట్ల మనుషులు దొరికారు.

టైగర్ మాత్‌ను ఎవరూ తీసుకురాలేదు. ఇంజన్ను ఉప్పు తినేసింది. కంపెనీ తర్వాతి సీజనుకు కొత్త విమానం తెచ్చుకుంది. రమ్మని మహబూబ్‌కు కబురు పెట్టారు. అతను వెళ్లలేదు. బందరులో రోడ్డు పక్కన రేకు షెడ్డు వేసుకుని పంపుసెట్లు బాగుచేయడం మొదలుపెట్టాడు.

జహీదా బందరు ఇంట్లో తల్లి పక్కన కూర్చునేది. పెట్టింది తినేది. పిండిమర చప్పుడు వినపడినా, బస్సు గేరు మార్చినా దిగ్గున లేచేది. ఏడవలేదు. బాజి పేరు గానీ పిల్లాడి పేరు గానీ ఎత్తలేదు. రోషన్ బీ రాత్రుళ్లు భర్తతో, "ఒక్కసారి ఏడిస్తే బాగుండు" అనేది. అతను గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

ఎండాకాలంలో రాజమ్మ వచ్చింది. పాలెంలో ఇళ్లు కడుతున్నారట. ఆడవాళ్లకు కుట్టుమిషన్లు ఇచ్చారట, కానీ కుట్టడం తెలిసిన మనిషి ఒక్కరూ మిగల్లేదట.

"నువ్వు బాజి దగ్గర నేర్చుకున్నావుగా పిల్లా. వచ్చి వీళ్లకు నేర్పు" అంది.

"అక్కడికా!" అంది రోషన్ బీ, చేతిలో గిన్నె కింద పడేసి.

జహీదా తల్లి వైపూ తండ్రి వైపూ చూడలేదు. "వస్తాను రాజమ్మా" అంది.

బందరు బస్టాండులో మహబూబ్ వాళ్లిద్దరినీ అవనిగడ్డ బస్సు ఎక్కించాడు. కిటికీ పక్కన నిలబడి ఊచ పట్టుకున్నాడు. ఇంజను స్టార్టు కాగానే జహీదా ఉలిక్కిపడి అతని వేళ్లు పట్టుకుంది. ఈసారి వదల్లేదు.

"నాన్నా, నీకు చెబుదామనుకున్నా" అంది. "తుపాను వచ్చిన ఆ వారమే ఇమామ్‌కి కింద పన్ను వచ్చింది. శుక్రవారం నమాజు నుంచి వచ్చి వాళ్ల నాన్న వాడి నోట్లో వేలు పెడితే కొరికాడు. గట్టిగా కొరికాడు. ఇద్దరం ఎంత నవ్వామో."

బస్సు కదిలింది. అతను ఊచ పట్టుకునే కొంతదూరం నడిచాడు. ఆమె మొహమంతా తడిసిపోయింది.

"ఎంత పన్ను?" అని అడిగాడు అతను.

ఆమె కిటికీలోంచి వేలి కొసను చూపించింది.